నులిపురుగులు.. మాత్ర అందరికీ, పరీక్ష కొందరికైనా!

ఫిబ్రవరి 10 వచ్చిందంటే బడుల్లో, అంగన్‌వాడీ కేంద్రాల్లో పిల్లలంతా వరుసగా నిలబడి ఆల్బెండజోల్ మాత్ర నమిలి మింగుతారు. జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం పేరిట 2015లో 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలైన కార్యక్రమం ఇది. ఇప్పుడు దేశమంతటా నడుస్తోంది. పురుగుల బెడద ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆగస్టులో రెండో విడత కూడా ఉంటుంది. ఏడాది నుంచి 19 ఏళ్ల వరకు వయసున్న వారందరికీ మాత్ర ఇస్తారు. పిల్లల ఆరోగ్యం కోసం ప్రపంచంలో జరుగుతున్న అతి పెద్ద కార్యక్రమాల్లో ఇదొకటి. ఖర్చు తక్కువ, ప్రమాదం దాదాపు లేదు. కాబట్టి దీన్ని గట్టిగా సమర్థించాల్సిందే.

ఇబ్బందల్లా ఆ సాయంత్రం నుంచే మొదలవుతోంది. రిజిస్టరులో ఎంతమందికి మాత్ర వేశామో రాసేసి, ఆర్నెల్లపాటు పురుగుల మాటే మరిచిపోతున్నాం. మాత్ర వేసుకున్న పిల్లల్లో కొందరి ఒంట్లో రక్తం అప్పటికే సగానికి పడిపోయి ఉంటుంది. వారికి ఒక్క మాత్ర సరిపోదు. ఎవరా పిల్లలో కనిపెట్టాలి, రక్తం పరీక్షించాలి, అవసరమైతే మలం పరీక్షించాలి, నెలల తరబడి ఐరన్ ఇవ్వాలి, మళ్లీ చూడాలి. ఈ రెండో సగం పని మన పల్లెల్లో చాలాచోట్ల జరగడం లేదు.

ఏ పురుగు ఏం చేస్తుంది?

మనం అన్నింటినీ కలిపి ‘నులిపురుగులు’ అనేస్తాం గానీ, మట్టి ద్వారా సోకే పురుగులు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది ఏలికపాము. జానెడు పైనే పొడవుంటుంది. ఆడ పురుగు రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. మలంతో బయటపడిన గుడ్డు వెంటనే ఎవరికీ సోకదు. రెండు నుంచి నాలుగు వారాలు మట్టిలో ముదిరాకే అంటుకునే శక్తి వస్తుంది. ఆ తర్వాత చేతి గోళ్లలోంచో, కడగని ఆకుకూరల్లోంచో, కింద పడిన తినుబండారంలోంచో నోటికి చేరుతుంది. పేగులో పిల్ల పురుగు బయటికొచ్చి, రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు వెళ్లి, అక్కడి నుంచి గొంతుకెక్కి, తిరిగి మింగుడుపడి పేగులోకి వచ్చి పెద్దదవుతుంది. ఈ ప్రయాణంలో కొందరు పిల్లలకు పొడి దగ్గు, ఆయాసం వస్తాయి.

రెండోది కొంకిపురుగు. సెంటీమీటరంత ఉంటుంది గానీ, అసలు దొంగ ఇదే. ఇది ప్రధానంగా పాదాల ద్వారా వస్తుంది. బహిర్భూమికి వాడిన చోట తేమ, నీడ ఉంటే వారం పది రోజుల్లో మట్టిలో పిల్ల పురుగులు సిద్ధమవుతాయి. చెప్పుల్లేకుండా నడిచే పిల్లల వేళ్ల సందుల్లోంచి చర్మం తొలుచుకుని లోపలికి వెళతాయి. ఎండకు మాడే పొడి నేలలో ఇవి ఎక్కువకాలం బతకవు. తోటల నీడన, కాలువ గట్ల మీద, వానాకాలం తడిసిన నేలలో హాయిగా ఉంటాయి. పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం పీలుస్తాయి. మన దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే రకం పురుగు ఒక్కోటి రోజుకు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. నూరు పురుగులుంటే రోజుకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90. ఇరవై కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తమే లీటరున్నర. పప్పు, ఆకుకూర, గుడ్డు అంతంతమాత్రంగా తినే బిడ్డ ఆ నష్టాన్ని ఎలా పూడ్చుకోగలడు?

మూడోది కొరడా పురుగు. పెద్దపేగులో ఉంటుంది. కొద్దిగా ఉంటే బాధేమీ తెలియదు. ఎక్కువైతే జిగట, రక్తం కలిసిన విరేచనాలు నెలల తరబడి సాగుతాయి. ముక్కి ముక్కి కొందరు పిల్లలకు ఆసనం బయటికి జారుతుంది.

ఈ మూడింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. ఇవి ఒంట్లో పిల్లల్ని పెట్టి పెరగవు. గుడ్లు బయటికి పోవాల్సిందే, మట్టిలో ముదరాల్సిందే, మళ్లీ సోకాల్సిందే. అంటే ఒక బిడ్డ కడుపులో నూరు పురుగులున్నాయంటే కనీసం నూరుసార్లు ఆ ఊరి మట్టి అతనికి పురుగునిచ్చిందన్నమాట.

పళ్లు కొరికితే పురుగులా?

మధ్యతరగతి ఇళ్లలో పురుగుల మీద నమ్మకాలకు కొదవ లేదు. నిద్రలో పళ్లు కొరికినా, బుగ్గల మీద తెల్లమచ్చలు వచ్చినా, నోట్లోంచి చొంగ కారినా, బెల్లం తిన్నా పురుగులే అంటారు. వీటిలో దేనికీ ఆధారం లేదు. పళ్లు కొరకడం చాలామంది పిల్లల్లో మామూలుగా ఉండేదే. తెల్లమచ్చలు ఎక్కువసార్లు చర్మం పొడిబారడం వల్ల వస్తాయి. తీపి తింటే పళ్లు పుచ్చుతాయి గానీ పురుగులు పుట్టవు. ఆముదం పట్టినా, కాకర రసం తాగించినా కొంకిపురుగు పట్టు వదలదు.

తీరా అసలు లక్షణాలను ఎవరూ పురుగులతో ముడిపెట్టరు. పల్లెల నుంచి వచ్చే తల్లులు ‘అన్నం సహించడం లేదు సార్’, ‘ఆటకు పోవడం లేదు’, ‘బళ్లో కూర్చుంటే తూగుతున్నాడంట’ అని చెబుతారు. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే గులాబీ రంగు ఉండదు. అరచేతి గీతలు తెల్లగా ఉంటాయి. ‘మట్టి తింటాడా’ అని అడిగితే కాసేపు ఆగి, ‘బలపాలు తింటాడు, గోడ సున్నం గీకుతాడు’ అంటారు. తిట్టి మాన్పించే చెడ్డ అలవాటనుకుంటారు గానీ, చాలామందిలో అది ఐరన్ లోపానికి గుర్తు. రక్తహీనత వల్ల మట్టి తినాలనిపిస్తుంది. మట్టి తింటే ఏలికపాము గుడ్లు కడుపులోకి పోతాయి. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి.

పాలిపోవడం, ఊరికే ఆయాసం, మట్టి తినడం, తరచూ బొడ్డు చుట్టూ నొప్పి, ఎదుగుదల ఆగిపోవడం, నెలల తరబడి జిగట విరేచనాలు, మలంలోనో వాంతిలోనో పురుగు పడటం.. వీటిలో ఏదున్నా పరీక్ష చేయించాలి. కడుపు ఉబ్బి, ఆగకుండా వాంతులవుతూ, మలవిసర్జన ఆగిపోతే మాత్రం ఇంట్లో పురుగుల మందు వేయకూడదు. ఏలికపాములు ఉండచుట్టుకుని పేగుకు అడ్డుపడి ఉండవచ్చు. వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మలపరీక్షను ఎందుకు మరిచాం?

పురుగులను ఖాయంగా పట్టుకునే పరీక్ష చాలా పాతది, చాలా చవకైనది. మలాన్ని సూక్ష్మదర్శిని కింద చూడటమే. ఏ పురుగు గుడ్డో దాని ఆకారమే చెప్పేస్తుంది. కాటో కాట్జ్ అనే పద్ధతిలో అయితే కొలత ప్రకారం మలం తీసుకుని, గ్రాముకు ఎన్ని గుడ్లున్నాయో కూడా లెక్కించవచ్చు. కొంకిపురుగు గుడ్లు గ్రాముకు 2 వేలలోపు ఉంటే తక్కువ, 4 వేలు దాటితే తీవ్రం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ సంఖ్య తెలిస్తే ఏ బిడ్డను ముందు పట్టించుకోవాలో తెలుస్తుంది.

మలేరియా కోసం, క్షయ కోసం సూక్ష్మదర్శినులు, టెక్నీషియన్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా చేరిన దేశం మనది. అయినా మలపరీక్ష రాసే అలవాటు తగ్గిపోయింది. ‘మాత్రే రూపాయో రెండో, పరీక్ష దేనికి’ అన్న ఆలోచన ఒక కారణం. డబ్బాలో మలం తేవడానికి తల్లిదండ్రులకు బిడియం, చూడటానికి ల్యాబ్‌లో విముఖత మరో కారణం.

మామూలు బిడ్డకు పరీక్ష లేకుండానే మాత్ర ఇవ్వడం సబబే. అందరినీ పరీక్షించడం కుదరదు, అవసరమూ లేదు. కానీ తీవ్ర రక్తహీనత ఉన్నవారికి, మాత్రలు వేసినా కోలుకోని వారికి, దీర్ఘకాలం విరేచనాలు ఉన్నవారికి పరీక్ష చేయాల్సిందే. దీనికి నాలుగు జాగ్రత్తలు చాలు. పొడిగా, శుభ్రంగా ఉన్న చిన్న డబ్బాలో మలం తీసుకోవాలి. మూత్రం, నీళ్లు కలవకూడదు. గంటా రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. కొంకిపురుగు గుడ్లయితే కాటో కాట్జ్ పలకపై ఎక్కువసేపు నిలవవు, గంటలోపే చూసేయాలి. ఒక్కసారి ఏమీ కనిపించనంత మాత్రాన పురుగులు లేవని అనుకోకూడదు. అనుమానం బలంగా ఉంటే వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూడాలి.

వీటితోపాటు సీబీపీ రక్తపరీక్ష ముఖ్యం. ఐదేళ్లలోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే, 5 నుంచి 11 ఏళ్ల వారిలో 11.5 కంటే తక్కువైతే రక్తహీనతగా పరిగణిస్తాం. అదే నివేదికలో ఇసినోఫిల్ కణాలు పెరిగి కనిపించవచ్చు. వాటిని చూసి మాత్రమే పురుగులని తేల్చకూడదు. ఉబ్బసం, అలర్జీల్లోనూ అవి పెరుగుతాయి.

మందు ఎలా వాడాలి?

రెండేళ్లు దాటిన పిల్లలకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఏడాది నుంచి రెండేళ్ల వారికి అర మాత్ర. ఏడాదిలోపు వారికి ఇవ్వరు. నమిలి మింగాలి. చిన్నపిల్లలకు పొడి చేసి నీళ్లలో కలిపి తాగించాలి. ఏడుస్తున్న బిడ్డ నోట్లో మాత్ర కుక్కితే గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది. ఆ రోజు జ్వరంతోనో మరో జబ్బుతోనో ఉన్న పిల్లలకు తగ్గాక ఇవ్వాలి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందుగా డాక్టరుకు చెప్పాలి. బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో తిత్తులు ఏర్పడిన పిల్లలకు ఈ మందు పడితే ఫిట్స్ రేగవచ్చు.

మాత్ర వేశాక కొందరికి వికారం, కడుపునొప్పి, తలనొప్పి వస్తాయి. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్నవారిలోనే ఇవి ఎక్కువ. కాసేపు పడుకోబెట్టి నీళ్లు తాగిస్తే సర్దుకుంటాయి. ఏటా ఎక్కడో ఓ బడిలో పదిమంది పిల్లలకు వాంతులయ్యాయని తెలిసి, మిగతా బడుల్లో తల్లిదండ్రులు భయపడి మాత్ర మాన్పిస్తుంటారు. ఆ భయానికి అర్థం లేదు.

మాత్ర శక్తి అన్ని పురుగుల మీదా ఒకేలా ఉండదు. ఏలికపాములు ఒక్క మోతాదుతో దాదాపుగా పోతాయి. కొంకిపురుగు పదిమందిలో ఎనిమిది మందికి నయమవుతుంది. కొరడా పురుగు మాత్రం మొండిది. ఒక్క మోతాదుతో ముగ్గురిలో ఒక్కరికి నయమైతే గొప్ప. వీరికి మూడు రోజులు వాడాలి, ఒక్కోసారి వేరే మందు జోడించాలి. ‘ఫిబ్రవరిలో మాత్ర వేశారు కదా, ఇక పురుగులుండవు’ అనుకోవడం అందుకే తప్పు.

అన్నింటికంటే ఎక్కువగా మరిచిపోయే సంగతి ఐరన్. పురుగు చచ్చిపోతే రక్తం పోవడం ఆగుతుంది. పోయిన రక్తం తిరిగి రాదు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చేదాకా, ఒంట్లో నిల్వలు నిండేదాకా రెండు మూడు నెలలపాటు డాక్టరు చెప్పిన మోతాదులో ఐరన్ వాడాలి. మలం నల్లబడుతుందని, కడుపులో తిప్పుతోందని మధ్యలో మానేస్తారు. మలం నల్లగా రావడం మందు పడుతోందనడానికి గుర్తు, భయపడాల్సింది లేదు. బడుల్లో వారానికోసారి ఇచ్చే గులాబీ, నీలం రంగు ఐరన్ మాత్రలు నివారణకే. అప్పటికే తీవ్ర రక్తహీనత ఉన్న బిడ్డకు ఆ మోతాదు చాలదు.

సగటు లెక్కల చాటున ఉన్న పిల్లలు

అందరికీ మందు వేయడం వల్ల ప్రయోజనం ఎంత అన్న దానిపై శాస్త్రవేత్తల్లో పెద్ద చర్చే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో బడి ఈడు రాని పది లక్షల మంది పిల్లలపై జరిపిన ‘దేవ్‌తా’ అధ్యయనం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఆర్నెల్లకోసారి ఆల్బెండజోల్ ఇచ్చినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సామూహికంగా మందు ఇవ్వడం వల్ల పిల్లల సగటు హిమోగ్లోబిన్ పెద్దగా మారడం లేదని కాక్రేన్ సమీక్షలూ చెబుతున్నాయి. దీన్ని పట్టుకుని ‘అయితే మాత్రలే దండగ’ అనేవారున్నారు.

అది తొందరపాటు. పురుగులు ఊళ్లో అందరికీ సమంగా పంచినట్టు ఉండవు. చాలామంది కడుపులో ఒకటో రెండో ఉంటాయి, కొద్దిమంది కడుపులో వందల్లో ఉంటాయి. ఊరి మొత్తం పురుగుల్లో అత్యధిక భాగం ఆ కొద్దిమందిలోనే ఉంటాయని ఎన్నో దేశాల్లో తేలింది. మందు వేశాక త్వరగా మళ్లీ పట్టేదీ వారికే. అందరి సగటు తీస్తే వారి రోగం కనిపించదు, వారికి కలిగిన మేలూ కనిపించదు. జబ్బు వారిది, లెక్క ఊరిది. కాబట్టి చర్చ మాత్ర ఇవ్వాలా వద్దా అని కాకుండా, ఆ కొద్దిమందిని ఎలా పట్టుకోవాలి అని సాగాలి.

వారిని వెతకాల్సిన అవసరం మనకు మరీ ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం, ఆర్నెల్ల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇందులో పురుగుల వాటా కొంతే. ఎక్కువ భాగం తిండిలో ఐరన్ చాలకపోవడం వల్ల వస్తుంది. ఒక్కో బిడ్డలో ఏ కారణమో తెలియాలంటే ఆ బిడ్డను పరీక్షించడమే మార్గం.

కొరియా ఏం చేసింది?

1963లో దక్షిణ కొరియాలోని జియోంజు పట్టణంలో తొమ్మిదేళ్ల బాలికను పేగుకు అడ్డంపడిందని ఆసుపత్రికి తెచ్చారు. ఆపరేషన్ చేస్తే వెయ్యికి పైగా ఏలికపాములు బయటపడ్డాయి. ఆ పాప దక్కలేదు. దేశమంతా నివ్వెరపోయింది. మరుసటి ఏడాదే పురుగుల నిర్మూలనకు ప్రత్యేక సంఘం ఏర్పడింది. 1969 నుంచి బడి పిల్లలందరికీ ఏటా రెండుసార్లు మలపరీక్ష చేసి, పురుగులున్న వారికి మందు ఇచ్చారు. పిల్లలు తమ మలాన్ని చిన్న సంచిలో పెట్టి బడికి తెచ్చేవారు. 1971లో దేశ జనాభాలో 84 శాతం మంది కడుపులో ఏదో ఒక పురుగు ఉండేది. 1997 నాటికి 2.4 శాతానికి తగ్గింది.

కొరియా అప్పుడు సంపన్న దేశమేమీ కాదు. మందుతోపాటు పొలాలకు మనిషి మలాన్ని ఎరువుగా వేయడం తగ్గింది, మరుగుదొడ్లు మెరుగయ్యాయి, ఆదాయాలు పెరిగాయి. అన్నీ కలిసి పనిచేశాయి. అయితే ఏ బడిలో ఎంతమందికి పురుగులున్నాయో ఆర్నెల్లకోసారి ఆ దేశానికి తెలిసేది. మనకు ఎంతమంది మాత్ర మింగారో తెలుస్తుంది, ఎంతమందికి పురుగులు తగ్గాయో ఊరివారీగా తెలియదు. 2016 నాటికి మన దేశంలో జరిపిన సర్వేల్లో మధ్యప్రదేశ్‌లో 12.5 శాతం, తమిళనాడులో 85 శాతం పిల్లల్లో పురుగులు కనిపించాయి. రాష్ట్రాల మధ్యే ఇంత తేడా ఉంటే మండలాల మధ్య ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

దొడ్డి కడితే సరిపోదు

స్వచ్ఛభారత్ తర్వాత పల్లెల్లో మరుగుదొడ్లు బాగా పెరిగాయి. వాడకం అంతగా పెరగలేదు. ఒడిశాలోని పూరీ జిల్లాలో వంద పల్లెల్లో జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. దొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగినా, పిల్లల్లో పురుగులు తగ్గలేదు. కట్టినవన్నీ అందరూ వాడకపోవడం ఒక కారణమైతే, చంటిపిల్లల మలాన్ని దొడ్లో వేయకపోవడం మరొకటి. ‘చంటిపిల్లది ఏముందిలే’ అని పెరట్లోకో, కాలువలోకో విసిరేస్తారు. నేల మీద పాకుతూ, మట్టి చేతులు నోట్లో పెట్టుకునే రెండు మూడేళ్ల పిల్లల మలంలో గుడ్లకేం తక్కువుండదు. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. ఆ మలం కూడా దొడ్లోనే పోయాలి. పిల్లల కాళ్లకు చెప్పులుండాలి. తినేముందు, దొడ్డికెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. వారానికోసారి గోళ్లు తీయాలి.

మన ఇళ్ల సంగతి

ఇది చదివే చాలామంది పిల్లలు చెప్పుల్లేకుండా పొలాల్లో తిరగరు. అయినా పురుగులు ఈ ఇళ్లకు కొత్త కాదు. రాత్రిపూట ఆసనం దగ్గర దురద, నిద్ర పట్టకపోవడం, మలంలో సన్నటి తెల్లదారం ముక్కల్లాంటివి కదలడం.. ఇవి అసలైన నులిపురుగులు. మట్టి అవసరం లేకుండా గోళ్ల ద్వారా, పక్కబట్టల ద్వారా ఇంట్లో అందరికీ పాకుతాయి. మామూలు మలపరీక్షలో దొరకవు. పొద్దున్నే స్నానానికి ముందు ఆసనం దగ్గర పారదర్శక టేపు అంటించి తీసి చూస్తే గుడ్లు కనిపిస్తాయి. ఇంట్లో అందరూ ఒకే రోజు మందు వేసుకుని, రెండు వారాల తర్వాత మరో మోతాదు వేసుకోవాలి. గర్భిణులు మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. పక్కబట్టలు వేడినీటితో ఉతకాలి.

బరువు పెరగడం లేదనో, అన్నం తినడం లేదనో నెలకోసారి పురుగుల మందు పట్టించే వారున్నారు. అది అనవసరం. గొర్రెలు, మేకలకు పదేపదే ఇదే కోవ మందు పట్టించి, చివరికి పురుగులు చావని పరిస్థితి ఇప్పటికే వచ్చింది. పిల్లల విషయంలో ఆ స్థితి తెచ్చుకోకూడదు. బడిలో ఇచ్చే మాత్ర చాలు. ప్రైవేటు బడుల పిల్లలకూ అది ఉచితంగానే వస్తుంది. అంగీకార పత్రం పంపితే సంతకం చేయండి. మీ బడిలో ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడగండి.

మన బాధ్యత మన పిల్లలతో ఆగిపోదు. ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు పాలిపోయి కనిపిస్తే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి, ఆ పూట సెలవివ్వండి. పట్నంలో ఉద్యోగం చేస్తూ సొంతూళ్లో పొలమో తోటో కౌలుకిచ్చిన కుటుంబాలు మనలో ఎన్నో. ఆ తోటలో పనిచేసే కూలీలకు, వెంట వచ్చే వాళ్ల పిల్లలకు దొడ్డి ఉందా? ఇటుక బట్టీ దగ్గర, కట్టడం పని జరిగే చోట ఉందా? మన పొలం నేలలోనే ఎవరి బిడ్డకో పురుగు పడుతుంటే ఆ పాపంలో మనకూ వాటా ఉంటుంది.

ప్రభుత్వాలు చేయాల్సినవి

కొత్త పథకాలేమీ అక్కర్లేదు, ఉన్నవాటిని కలిపితే చాలు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి బడులకు వెళ్లాలి. ఆ బృందాలు వెళ్లిన రోజే పాలిపోయిన ప్రతి బిడ్డకూ హిమోగ్లోబిన్ చూడాలి. మాత్రల రోజున ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు అలాంటి పిల్లల పేర్లు విడిగా రాసి ఏఎన్‌ఎంకు ఇవ్వాలి. తీవ్ర రక్తహీనత ఉన్నవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలపరీక్ష తప్పనిసరి చేయాలి. దానికి తగిన సామగ్రి, శిక్షణ ఇవ్వాలి. ఐరన్ మొదలుపెట్టిన ప్రతి బిడ్డనూ ఆశా కార్యకర్త నెలకోసారి చూడాలి, రెండు నెలలకు మళ్లీ రక్తపరీక్ష చేయాలి. గిరిజన ప్రాంతాల ఆశ్రమ పాఠశాలల నుంచి ఈ పని మొదలైతే మంచిది. అక్కడి పిల్లలు ఒకే చోట ఉంటారు, అవసరమూ అక్కడే ఎక్కువ. రెండేళ్లకోసారి మండలానికి కొన్ని బడుల్లో మలపరీక్షలు చేసి ఫలితాలు అందరికీ తెలిసేలా ప్రకటించాలి.

ఆల్బెండజోల్ వేసి, మూడు నెలలు ఐరన్ సరిగా వాడిన బిడ్డ మళ్లీ వచ్చినప్పుడు తల్లి చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. అన్నం అడిగి తింటున్నాడు, బడికి పరిగెత్తుతున్నాడు, బలపాలు ముట్టడం లేదు. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, పెద్దాసుపత్రి అక్కర్లేదు. కంటి రెప్ప కిందికి లాగి చూసే మనిషి, ఒక సూక్ష్మదర్శిని, కొన్ని రూపాయల మందు ఉంటే చాలు. వచ్చే మాత్రల రోజున మీ ఊరి బడికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి.. ‘ఎంతమందికి వేశారు?’ అని కాదు, ‘పాలిపోయిన పిల్లలు ఎంతమంది? వాళ్లకు రక్తపరీక్ష ఎప్పుడు చేస్తున్నారు?’ అని.